డైట్‌లో ఉన్నా నూడుల్స్ మీదే మనసు పోతోందా? సొరకాయ నుంచి కోడిగుడ్డు దాకా.. ఇంట్లోనే ఈజీగా చేసుకునే ప్రత్యామ్నాయాలు ఇవే

సాయంత్రం ఆరు దాటిందంటే సాగర్ రోడ్డు వాసనే మారిపోతుంది. ఎల్బీనగర్ నుంచి బీఎన్ రెడ్డి నగర్, ఇంజాపూర్ మీదుగా తుర్కయంజాల్ దాకా ఫాస్ట్‌ఫుడ్ బండ్లు వరసగా వెలుగుతాయి. పెద్ద మంట, దాని మీద కడాయి, గరిటె చప్పుడు, "అన్నా, ఒక ఎగ్ నూడుల్స్ పార్సిల్" అనే కేకలు. మామూలు రోజుల్లో అయితే ఏం కాదు. కానీ డైట్ మొదలుపెట్టి పది రోజులు గడిచిన వాళ్లకు ఆ రోడ్డు మీదుగా ఇంటికి చేరడమే పెద్ద పరీక్ష.

అన్నం మానేసినా ఉండగలం, చపాతీ మానేసినా ఉండగలం, నూడుల్స్ దగ్గరే ఆగలేకపోతున్నాం అనేవాళ్లు చాలామందే ఉంటారు. దీనికి కారణం ఉంది. నూడుల్స్‌లో మనకు నచ్చేది మైదా రుచి కాదు. మైదాకు సొంతంగా పెద్ద రుచేం ఉండదు. పొడవుగా జారే ఆ తీగలు, పెద్ద మంట మీద వచ్చే పొగ వాసన, పులుపు, కారం, వెల్లుల్లి.. ఇవే మనల్ని లాగేది. వీటిలో ఒక్కటి కూడా మైదా మీద ఆధారపడి లేదు. అంటే డైట్ రూల్ తప్పకుండానే ఆ రుచిని చాలా వరకు తెచ్చుకోవచ్చన్నమాట. ఎలాగో చూద్దాం.

ముందు మీ డైట్ రూల్ ఏంటి?

ఇది తేల్చుకోకుండా వంటింట్లోకి వెళితే లాభం లేదు. ఎందుకంటే ఒక డైట్‌లో ఓకే అయినది ఇంకో డైట్‌లో నిషేధం. మన దగ్గర ఎక్కువగా వినిపించే పద్ధతులు ఇవి.

* హోల్30: 2009లో అమెరికాలో మొదలైంది. 30 రోజుల పాటు ధాన్యాలు, పప్పులు, పాలు, పాల పదార్థాలు, చక్కెర, మద్యం ఏవీ ఉండవు. నెయ్యికి మాత్రం అనుమతి ఉంది. కూరగాయలు, గుడ్లు, మాంసం, చేపలు, పండ్లు, బంగాళదుంపలు తినొచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. వేరే పిండితో చేసిన పాస్తా, బ్రెడ్, కేకులు కూడా వద్దంటారు. కూరగాయను తీగలుగా తురిమి వండుకుంటే మాత్రం అభ్యంతరం లేదు.
* వీఆర్కే డైట్: వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఈ పద్ధతి 2017, 2018 ప్రాంతంలో రెండు రాష్ట్రాల్లో ఊరూరా చర్చ అయింది. బియ్యం, గోధుమ, పప్పులు, చక్కెర, దుంపలు పక్కన పెట్టి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోవడం ఇందులో ముఖ్యం. దీనిపై డాక్టర్లు చాలామంది అభ్యంతరాలు కూడా చెప్పారు.
* సిరిధాన్యాల పద్ధతి: డాక్టర్ ఖాదర్ వలీ ప్రచారం చేసినది. కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు ప్రధానం. బియ్యం, గోధుమ, మైదా వద్దు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది.
* ప్రకృతి ఆహారం: మంతెన సత్యనారాయణ రాజు చెప్పే పద్ధతి. ఉప్పు, నూనె, చక్కెర లేకుండా సహజంగా తినమంటారు.
* సింపుల్ పద్ధతి: ఏ పేరూ లేదు. మైదా, చక్కెర, ప్యాకెట్ ఫుడ్ మానేసి ఇంటి తిండి తినడం. చాలామంది చేసేది ఇదే.

ఈ ఐదింటిలో మీరు ఏదైనా సరే, ప్యాకెట్ నూడుల్స్‌కి మాత్రం చోటు లేదు.

ప్యాకెట్ నూడుల్స్‌తో అసలు సమస్య ఏంటి?

మనం రెండు నిమిషాల్లో చేసుకునే ఇన్‌స్టంట్ నూడుల్స్ ఎక్కువగా మైదాతో చేసి, నూనెలో వేయించి, ఆరబెట్టినవే. అందుకే వేడి నీళ్లు తగలగానే మెత్తబడతాయి. వీటితో వచ్చే మసాలా పొట్లంలో ఉప్పు, చక్కెర, స్టార్చ్ లాంటివి కలిసి ఉంటాయి.

ఉప్పు లెక్క ఒకసారి మీరే వేసి చూడండి. పెద్దవాళ్లు రోజుకు 2,000 మిల్లీగ్రాముల కంటే తక్కువ సోడియం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ వెనక 100 గ్రాములకు 1,000 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉందనుకుందాం. 70 గ్రాముల ప్యాకెట్ తింటే 700 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లినట్టే. రోజు మొత్తానికి ఉన్న హద్దులో మూడో వంతు కంటే ఎక్కువ ఒక్క స్నాక్‌లోనే అయిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక కూరగాయ నూడుల్స్‌లోకి వెళ్దాం

విదేశీ వీడియోల్లో అందరూ జుకినీ చూపిస్తారు. అది కనిపించకపోతే ఆగిపోవాల్సిన పని లేదు. దాని కుటుంబంలోని కూరగాయలే మన రైతుబజార్లలో రాశులుగా ఉంటాయి. సరూర్‌నగర్ రైతుబజార్ అయినా, వనస్థలిపురం రైతుబజార్ అయినా, ఇంటి ముందుకొచ్చే బండి అయినా ఇవి దొరకని రోజు ఉండదు.

1. సొరకాయ: అదే ఆనపకాయ. జుకినీకి మనకున్న దగ్గరి చుట్టం. లేతది తీసుకోండి. గోరు గుచ్చితే సులువుగా దిగాలి. తొక్క తీసి, మధ్యలో గింజల మెత్తటి భాగం వదిలేసి, చుట్టూ ఉన్న గట్టి భాగాన్నే పొడవుగా తురమండి. రుచి తటస్థంగా ఉంటుంది కాబట్టి ఏ మసాలా అయినా పట్టుకుంటుంది.

2. క్యాబేజీ: తురమాల్సిన పని కూడా లేదు. సగానికి కోసి, కత్తితో సన్నగా పొడవుగా తరిగితే చాలు. పెద్ద మంట మీద మూడు నిమిషాలు వేయిస్తే బండి నూడుల్స్ వాసనకు బాగా దగ్గరగా వచ్చేది ఇదే. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి.

3. క్యారెట్: తీపి ఎక్కువ, నీరు తక్కువ. ఒక్కటే వేస్తే హల్వా వాసన గుర్తొస్తుంది. సొరకాయ మూడు వంతులు, క్యారెట్ ఒక వంతు కలిపితే రంగు, కరకర రెండూ వస్తాయి.

4. పచ్చి బొప్పాయి: థాయ్‌లాండ్‌లో సోమ్ తమ్ అనే సలాడ్‌ను పచ్చి బొప్పాయి తురుముతోనే చేస్తారు. వండకుండా నిమ్మరసం, పచ్చిమిర్చి, వెల్లుల్లి దంచి కలిపితే చల్లటి నూడుల్స్‌లా ఉంటుంది. గర్భిణులు మాత్రం పచ్చి బొప్పాయి జోలికి వెళ్లొద్దు.

5. చిలగడదుంప: కొన్ని ఊళ్లలో రత్నపురి గడ్డ అంటారు. కడుపు నిండినట్టు ఉండాలంటే ఇదే బెస్ట్. పొడవుగా తురిమి పది నిమిషాలు నీళ్లలో ఉంచితే పైన ఉన్న పిండి దిగిపోతుంది, కడాయికి అంటుకోదు. ఇందులో 100 గ్రాములకు సుమారు 20 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది కాబట్టి వీఆర్కే, కీటో తరహా డైట్ చేసేవాళ్లకు కుదరదు. హోల్30లో కుదురుతుంది.

6. కోడిగుడ్డు తీగలు: రెండు గుడ్లు గిలక్కొట్టి, పెనం మీద దోశలా పల్చగా పోయండి. కాలాక చాపలా చుట్టి సన్నగా కోస్తే పసుపు రంగు రిబ్బన్లు వస్తాయి. తురుము లేదు, నీళ్లు పిండటం లేదు. ఐదు నిమిషాల పని. పైన చెప్పిన ఏ కూరగాయతో కలిపినా ఎగ్ నూడుల్స్ తిన్న ఫీలింగ్ వస్తుంది.

పప్పులు, పెరుగు తినే డైట్ అయితే ఇంకో దారి కూడా ఉంది. శనగపిండిని పల్చటి మజ్జిగలో కలిపి, ఉండలు కట్టకుండా చిక్కబడే దాకా ఉడికించి, పళ్లెం వెనక పల్చగా పూసి, ఆరాక పొడవుగా కోసుకోండి. గుజరాతీల ఖాండ్వీ చేసే పద్ధతి ఇదే. చుట్టకుండా రిబ్బన్లుగా వదిలేస్తే సరి.

సామాను ఏం కావాలి?

స్పైరలైజర్ అనే పరికరం గురించి వీడియోల్లో చూసే ఉంటారు. ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. కొబ్బరి, క్యారెట్ తురిమే పీట ప్రతి ఇంట్లో ఉంటుంది. కూరగాయను నిలువుగా కాకుండా పొడవుగా పడుకోబెట్టి, ఒకే వైపు లాగండి. వెనక్కీ ముందుకీ రుద్దితే తీగలు తెగిపోయి తురుము అయిపోతుంది. పళ్లున్న పీలర్ అయితే ఇంకా బాగా వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు స్టీల్ సామాన్ల షాపుల్లో అడిగితే చూపిస్తారు.

నీరు కారి కూరలా అయిపోతోందా?

మొదటిసారి చేసిన వాళ్లలో ఎక్కువమంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. సొరకాయలో 90 శాతానికి పైగా నీరే. వేడి తగలగానే అది బయటికి వస్తుంది. నూడుల్స్ కాస్తా సొరకాయ పులుసు అవుతుంది. దీనికి నాలుగు జాగ్రత్తలు చాలు.

* తురిమిన వెంటనే అర టీస్పూన్ ఉప్పు కలిపి 15 నిమిషాలు పక్కన పెట్టండి. ఉప్పు నీటిని బయటికి లాగేస్తుంది. తర్వాత ఒకసారి కడిగి, పల్చటి బట్టలో వేసి గట్టిగా పిండండి.
* సాస్, మసాలా ముందే వేరే గిన్నెలో రెడీగా ఉంచుకోండి. కడాయిలో కూరగాయ పడ్డాక వెతుక్కునే టైమ్ ఉండదు.
* పెద్ద మంట, వెడల్పాటి కడాయి. మూత అస్సలు పెట్టొద్దు. ఒక్కసారికి ఒక్క ప్లేట్‌కు సరిపడా మాత్రమే వేయండి.
* రెండు నిమిషాలు దాటనివ్వొద్దు. కొంచెం పచ్చిగా ఉందనిపించినప్పుడే దించేయండి. ప్లేట్‌లోకి వచ్చేసరికి అదే మెత్తబడుతుంది.

ఉప్పు, నూనె వాడని ప్రకృతి ఆహారం వాళ్లు తురుమును ఇడ్లీ పాత్రలో రెండు మూడు నిమిషాలు ఆవిరి పట్టి, జల్లెడలో ఆరబెట్టి, నిమ్మరసం, మిరియాల పొడి, కొత్తిమీర కలుపుకోవచ్చు.

సాస్ దగ్గరే చాలామంది తప్పుతారు

తీగలు సొరకాయవే అయినా, బాటిల్ సాస్ పోస్తే డైట్ అక్కడే ఆగిపోయినట్టు. సోయా సాస్‌లో సోయా చిక్కుడు, మామూలుగా గోధుమ ఉంటాయి. టమాటా కెచప్, చిల్లీ సాస్‌లలో చక్కెర ఉంటుంది. హోల్30 లాంటి డైట్‌లో ఇవేవీ కుదరవు.

బదులుగా ఇది ట్రై చేయండి. చిక్కటి చింతపండు గుజ్జు ఒక స్పూన్, దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, చిన్న అల్లం ముక్క, నానబెట్టి రుబ్బిన ఎండుమిర్చి రెండు, మిరియాల పొడి అర స్పూన్, వేయించి దంచిన నువ్వులు ఒక స్పూన్, తగినంత ఉప్పు. అన్నీ కలిపితే పులుపు, కారం, నువ్వుల కమ్మదనం ఒకేసారి తగులుతాయి. కొబ్బరి నూనె లేదా నెయ్యిలో ఉల్లిగడ్డ, క్యాప్సికం పొడవుగా తరిగి వేయించి, పిండిన తీగలు వేసి, ఈ గుజ్జు కలిపి దించేయండి. పల్లీల పొడి వేయాలనిపిస్తుంది కానీ పల్లీ పప్పుధాన్యాల కిందికే వస్తుంది. పప్పులు మానేసిన వాళ్లు నువ్వులతోనే సరిపెట్టుకోవాలి.

రెండు గంటలకే ఆకలి వేస్తోందంటే కారణం ఇదే

ఒక ప్యాకెట్ నూడుల్స్‌లో సుమారు 300 కేలరీలు ఉంటాయి. పావుకిలో సొరకాయలో 40 దాకా మాత్రమే. ప్లేట్ నిండుగా కనిపించినా ఒంటికి అందింది తక్కువ. తొమ్మిది గంటలకు తిని, పదకొండుకు ఫ్రిజ్ తలుపు తీసేది అందుకే. తప్పు మీ మనసుది కాదు, ప్లేట్‌ది.

రెండు గుడ్లు కలిపితే సుమారు 12 గ్రాముల ప్రొటీన్, 140కి పైగా కేలరీలు వస్తాయి. గుడ్డు తిననివాళ్లు, డైట్‌లో అనుమతి ఉంటే పనీర్ ముక్కలు వేసుకోవచ్చు. మాంసం తినేవాళ్లకు చికెన్ ముక్కలు, రొయ్యలు ఉన్నాయి. వంటలో ఒక టేబుల్ స్పూన్ నూనె వాడితే దాదాపు 120 కేలరీలు.

గుడ్డు, మాంసం తినని వాళ్లు ఒక విషయం ఆలోచించుకోవాలి. పప్పులు, పాలు రెండూ మానేస్తే ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? మన ఇళ్లలో శాకాహారులకు ఈ రెండే ఆధారం. అలాంటివాళ్లు పప్పులు వద్దనే డైట్‌ను సొంతంగా మొదలుపెట్టకుండా డైటీషియన్‌ను అడగడం మంచిది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా ధాన్యాలను పూర్తిగా మానేయమనలేదు. రోజు కేలరీల్లో ధాన్యాలు, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదని, పప్పులు, మాంసం లాంటివి 15 శాతం దాకా ఉండొచ్చని చెప్పాయి. అంటే తగ్గించమనే తప్ప తుడిచేయమని కాదు.

హాస్టల్లో ఉంటే ఎలా?

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వైపు హాస్టళ్లలో కోచింగ్ కోసం ఉండే వాళ్లకు స్టవ్ ఉండదు. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం చాలా రూముల్లో కనిపిస్తుంది. దానితోనే పని కానివ్వొచ్చు. క్యాబేజీ, క్యారెట్ సన్నగా తరిగి గిన్నెలో వేసి, మరిగే నీళ్లు పోసి మూడు నిమిషాలు మూత పెట్టండి. నీళ్లు వంపేసి నిమ్మరసం, ఉప్పు, కారం, నువ్వుల పొడి కలపండి. మెస్‌లో ఇచ్చే ఉడికిన గుడ్డు తరిగి పైన వేసుకోండి. కప్ నూడుల్స్‌కు పట్టే టైమే పడుతుంది.

మిల్లెట్ నూడుల్స్ కొంటున్నారా? వెనక్కి తిప్పి చూడండి

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు సూపర్ మార్కెట్లో కొర్రల నూడుల్స్, రాగి నూడుల్స్, జొన్న సేమియా అన్నీ కనిపిస్తున్నాయి. రాజేంద్రనగర్‌లో ఉన్న భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ కూడా చిరుధాన్యాలతో సేమియా, పాస్తా లాంటివి తయారుచేసే పద్ధతులను అభివృద్ధి చేసింది. సిరిధాన్యాలు తినేవాళ్లకు ఇది నిజంగా మంచి వార్తే.

కానీ ప్యాకెట్ ముందు భాగంలోని బొమ్మ చూసి కొనొద్దు. వెనక పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది మొదట రాయాలన్నది రూల్. మొదటి పేరు గోధుమ పిండి అనో, మైదా అనో ఉండి కొర్రలు మూడో స్థానంలో ఉంటే అది పేరుకే మిల్లెట్. ఇంట్లోనే చేసుకోవాలంటే కొర్ర పిండినో జొన్న పిండినో మరిగే నీళ్లతో కలిపి, జంతికల గొట్టంలో సన్న చిల్లుల బిళ్ల వేసి, ఇడ్లీ పళ్లెంలో ఒత్తి పది నిమిషాలు ఆవిరి పట్టండి. తమిళనాడు, కేరళలో బియ్యప్పిండితో చేసే ఇడియాప్పం పద్ధతే ఇది.

ఆన్‌లైన్‌లో దొరికే షిరాటకి నూడుల్స్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. కొంజాక్ అనే దుంపలోని పీచుతో చేస్తారు. ఇది మన కందగడ్డకు దగ్గరి బంధువే. దాదాపు అంతా నీరు, పీచు కాబట్టి కేలరీలు నామమాత్రం. వాసన పోవాలంటే బాగా కడిగి, పొడి కడాయిలో వేయించాలి. బాగా నమిలి తినాలి, నీళ్లు తాగాలి. కొరియా గ్లాస్ నూడుల్స్ మాత్రం వేరు. అవి చిలగడదుంప నుంచి తీసిన స్టార్చ్‌తో చేసేవి. దుంప తిన్నట్టు కాదు.

ఈ మూడు జాగ్రత్తలు మాత్రం మర్చిపోవద్దు

మొదటిది, చేదు. సొరకాయ, బీరకాయ, దోసకాయ ఏదైనా తురిమే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఈ కాయల్లో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఒక్కోసారి ఎక్కువగా తయారవుతుంది. వండినా అది పోదు. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగిన ఒక వ్యక్తి చనిపోయారు. ఆ తర్వాత భారతీయ వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి, చేదు సొరకాయ రసం తాగొద్దని హెచ్చరించింది. డబ్బులు పోతాయని మసాలా ఎక్కువ వేసి తినే ప్రయత్నం చేయొద్దు. తిన్నాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలైతే ఇంటి చిట్కాలు కాదు, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

రెండోది, షుగర్ మందులు. ఇన్సులిన్ కానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు కానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం, చపాతీ, నూడుల్స్ అన్నీ మానేస్తే షుగర్ పడిపోతుంది. తిండి తగ్గింది, మందు డోసు మాత్రం పాతదే కదా. చెమట, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చెక్ చేసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. డైట్‌లో చక్కెర నిషేధం అని ఆ సమయంలో ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లు పిండి పదార్థాలు బాగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లం పెరిగే కీటోఅసిడోసిస్ ముప్పు ఉంటుంది. కాబట్టి డైట్ మొదలుపెట్టాక కాదు, మొదలుపెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడి డోసు మార్పించుకోండి.

మూడోది, కిడ్నీ. కిడ్నీ సమస్య ఉండి పొటాషియం తగ్గించమని చెప్పిన వాళ్లు చిలగడదుంప, ఎక్కువ కూరగాయలు ఇష్టమొచ్చినట్టు పెంచొద్దు. ఎవరికి ఎంత అనేది రిపోర్ట్ చూసి డాక్టర్ చెప్పాల్సిందే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ ఒకేసారి ట్రై చేస్తే మూడో రోజుకే విసుగొస్తుంది. ఈ వారం క్యాబేజీ, గుడ్డు తీగలతో ఒక్క ప్లేట్ చేసి చూడండి. చింతపండు సాస్ ఒకేసారి నాలుగు రోజులకు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఆఫీసు నుంచి ఆకలితో వచ్చినప్పుడు తురమడానికి ఓపిక ఉండదు కాబట్టి, కూరగాయ పొద్దున్నే తరిగి డబ్బాలో ఉంచండి. ఉప్పు మాత్రం వండే ముందే కలపాలి. ఇవి రెడీగా ఉంటే ఇంట్లో ప్లేట్ పది నిమిషాల్లో వస్తుంది. బండి దగ్గర పార్సిల్ కోసం నిలబడేది కూడా అంతసేపే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏదైనా జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆహారంలో పెద్ద మార్పులు చేసే ముందు తప్పనిసరిగా డాక్టర్‌ను సంప్రదించండి.